షుగర్ కథలో కండరం

1936లో లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ షుగర్ రోగులకు ఒక పరీక్ష చేశాడు. గ్లూకోజు నీళ్లు తాగించి, అదే సమయంలో రక్తనాళంలోకి ఇన్సులిన్ ఎక్కించాడు. కొందరిలో ఇన్సులిన్ వెంటనే పనిచేసి చక్కెరను పెరగనివ్వలేదు. మరికొందరిలో అదే మోతాదు ఇచ్చినా చక్కెర పైకి పోతూనే ఉంది. అంటే షుగర్ ఒకే జబ్బు కాదని, ఇన్సులిన్ ఉన్నా దాని మాట శరీరం వినని రకం ఒకటుందని ఆయన రాశాడు. ఇప్పుడు మనం టైప్ 2 అంటున్నది దాదాపు అదే.

ఆ మాటను చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. అందుకు కారణమూ ఉంది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి షుగర్ వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ క్లోమం నుంచే ఇన్సులిన్ తీశారు. చావు అంచున ఉన్న పిల్లలు ఆ ఇంజక్షన్‌తో లేచి కూర్చుంటుంటే, షుగర్ అంటే ఇన్సులిన్ లేకపోవడమే అని అందరూ అనుకోవడంలో వింత లేదు. 1960లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాక గానీ అసలు సంగతి బయటపడలేదు. పెద్ద వయసులో షుగర్ వచ్చిన చాలామందిలో ఇన్సులిన్‌కు లోటు లేదు, కొందరిలో మామూలు కంటే ఎక్కువే ఉంది. మరి అది పనిచేయనిది ఎక్కడ?

జవాబు ఎక్కువ భాగం కండరంలో దొరికింది. 1979లో రాల్ఫ్ డిఫ్రాంజో, జోర్డాన్ టోబిన్, రూబిన్ ఆండ్రెస్ 'క్లాంప్' అనే పద్ధతిని వివరించారు. ఒక సూదితో ఇన్సులిన్‌ను ఒకే వేగంతో ఎక్కిస్తూ, ఇంకో సూదితో గ్లూకోజు ఇస్తూ రక్తంలో చక్కెరను ఒకే మట్టంలో నిలబెడతారు. అలా నిలబెట్టడానికి ఎక్కువ గ్లూకోజు పడితే ఇన్సులిన్ బాగా పనిచేస్తున్నట్టు, తక్కువ పడితే శరీరం మొండికేసినట్టు. ఈ పద్ధతిలో కాలి రక్తనాళాల్లోని చక్కెరను కూడా కొలిచి చూస్తే, ఎక్కించిన గ్లూకోజులో దాదాపు 80 శాతం కండరాలే తీసుకుంటున్నాయని తేలింది. భోజనం తర్వాత లెక్క కొంత మారుతుంది, కాలేయం కూడా తన వాటా తీసుకుంటుంది. అయినా ఇన్సులిన్ మాట ఎక్కువగా వినాల్సింది కండరమే.

1990లో యేల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ షుల్మన్ బృందం ఒక అడుగు ముందుకు వేసింది. సూదితో కండరం ముక్క తీయకుండానే, ఎంఆర్‌ఐ స్కాన్‌కు మూలమైన అయస్కాంత అనునాద పద్ధతితో పిక్క కండరంలో గ్లైకోజెన్, అంటే కండరం గ్లూకోజును దాచుకునే రూపం, ఎంత వేగంగా తయారవుతోందో చూశారు. టైప్ 2 రోగుల్లో ఆ వేగం ఆరోగ్యవంతుల్లో ఉన్న దాంట్లో సగం కూడా లేదు. అడ్డంకి కణం లోపల ఉందా, గుమ్మం దగ్గరే ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. లోపల ఉంటే గ్లూకోజు కణంలో పేరుకోవాలి. 1999లో కొలిస్తే అలా పేరుకోలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

ఆ గుమ్మం పేరు గ్లూట్4. గ్లూకోజును కణంలోకి చేరవేసే ప్రోటీన్ ఇది. 1988, 89 సంవత్సరాల్లో దీన్ని గుర్తించారు. మామూలుగా ఇది కణం లోపల దాగి ఉంటుంది, ఇన్సులిన్ కబురు అందాక పైపొర మీదికి వస్తుంది. టైప్ 2 రోగుల కండరాల్లో ఈ ప్రోటీన్ తగ్గిపోలేదు, సరిపడా ఉంది. కబురే సరిగా చేరడం లేదు. ఈ విషయం చదివినప్పుడల్లా నాకు ఆశ కలుగుతుంది, ఎందుకంటే పనిముట్టు పాడవలేదు.

కబురు చేరకుండా చేస్తున్నది ఏమిటన్న దానిమీద వాదన ఇంకా తెగలేదు. కొవ్వును కాల్చే కండరం చక్కెరను పక్కన పెడుతుందని 1963లోనే ఫిలిప్ రాండిల్ చెప్పాడు. 1996లో షుల్మన్ బృందం ఆరోగ్యవంతుల రక్తంలోకి కొవ్వు ఎక్కిస్తే కొన్ని గంటల్లోనే వాళ్ల కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించడం మానేశాయి. కండరంలో చేరిన కొవ్వే దోషి అని తేల్చేయబోతే, 2001లో బ్రెట్ గుడ్‌పాస్టర్ బృందం దూరపు పరుగులకు అలవాటుపడ్డ క్రీడాకారుల కండరాల్లోనూ కొవ్వు దండిగా ఉందని చూపింది. వాళ్లకు ఇన్సులిన్ చక్కగా పనిచేస్తోంది. కాబట్టి ఎంత కొవ్వుందన్నదాని కంటే అది ఖర్చవుతోందా, ఊరికే పడి ఉందా, ఏ రూపంలో ఉందన్నవే ముఖ్యమని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు.

ఇంతకీ కండరానికి ఇన్సులిన్ పిలుపు అక్కర్లేని దారి ఒకటుంది. 1887లోనే ఫ్రాన్స్‌లో షోవో, కౌఫ్‌మన్ గుర్రం మేత నములుతున్నప్పుడు దాని కండరం రక్తంలోంచి చక్కెరను ఎన్నో రెట్లు ఎక్కువగా లాక్కుంటోందని కొలిచి చూపారు. అప్పటికి ఇన్సులిన్ అనే పేరే లేదు. వందేళ్లు దాటాక, 1999లో, టైప్ 2 రోగుల చేత సైకిల్ తొక్కించి చూస్తే గ్లూట్4 ఆరోగ్యవంతుల్లో వచ్చినట్టే పైకి వచ్చింది. కండరం ముడుచుకుంటే చాలు, ఏఎంపీకే లాంటి ఎంజైములు వేరే దారిలో కబురు పంపుతాయి. పైగా వ్యాయామం ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే. కారణం చెప్పకుండా ఆ ఒక్క మాట చెప్పి పంపేస్తే రోగికి అది ఉత్త సలహాలా వినిపిస్తుంది. కారణం చెప్పాలి. మందు బిళ్ల గురించి చెప్పినంత ఓపికగా చెప్పాలి.

మందుల వైపు చూస్తే కండరానికి దక్కింది తక్కువే. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం మీద పనిచేస్తుంది. సల్ఫొనైల్‌యూరియాలు క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. గ్లిఫ్లోజిన్లు మూత్రపిండాల ద్వారా చక్కెరను బయటికి పంపుతాయి. గ్లిటజోన్లు కొవ్వును కొవ్వు కణాల్లోకే మళ్లించి కండరానికి పరోక్షంగా మేలు చేశాయి గానీ, బరువు పెరగడం, ఒంట్లో నీరు చేరడం, ఎముకలు విరగడం వాటి వెంటే వచ్చాయి. వీటిలో మొదటిదైన ట్రోగ్లిటజోన్‌ను కాలేయం దెబ్బతింటోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఏఎంపీకేను నేరుగా ఉత్తేజపరిచే మందును మెర్క్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. 2017లో వెలువడిన ఫలితాల్లో జంతువుల కండరాలు చక్కెరను బాగానే తీసుకున్నాయి, కానీ గుండెలో గ్లైకోజెన్ పేరుకుని గుండె పెద్దదైంది.

ఇప్పుడు సెమాగ్లూటైడ్ లాంటి మందులు బరువును, చక్కెరను బాగా తగ్గిస్తున్నాయి. తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండరం కూడా కొంత పోతోంది. వయసు మీదపడ్డ వాళ్ల విషయంలో ఇది నిజంగా టెన్షన్ పడాల్సిన సంగతి. ఇటు కండరాన్ని పెంచే బైమాగ్రుమాబ్ అనే మందు మీద 2021లో వెలువడిన ఫలితాల్లో, టైప్ 2తో పాటు ఊబకాయం ఉన్నవారిలో 48 వారాల్లో కొవ్వు దాదాపు 20 శాతం తగ్గింది, కొవ్వు కాని శరీర భాగం 3.6 శాతం పెరిగింది. ఆ పరీక్షలో పాల్గొన్నది 75 మందే. ఇలాంటి పరీక్షల్లో కేజీలు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) చూస్తే సరిపోదు. మెట్లెక్కడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం కూడా కొలవాలి.