వేరు బుడిపెలో పందిరి

కందిచేలో పూతకు ముందు ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పెళ్లగించి, వేళ్లను నీళ్లలో మెల్లగా కడిగి చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. ఆ రంగు ఉందంటే లోపల రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తున్నట్టే. ఈ బ్యాక్టీరియాను 1888లోనే డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైయరింక్ బుడిపెల నుంచి వేరుచేసి పెంచారు.

బడిలో మనం చదువుకున్నది దాదాపు ఇంతే. నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది. మొక్క కణానికి చుట్టూ గట్టి గోడ, లోపల నడిమధ్యన నీటితిత్తిలాంటి పెద్ద రిక్తిక. అలాంటి చోటికి వేల బ్యాక్టీరియాలు ఎలా చేరాయి, ఎక్కడ సర్దుకున్నాయి?

జవాబు కణ అస్థిపంజరంలో, అంటే కణం లోపలి ప్రోటీన్ పోగుల అల్లికలో ఉంది. పేరుకు అస్థిపంజరమే గానీ దీన్ని పందిరితో పోల్చడమే నయం. అవసరాన్ని బట్టి కణం దీన్ని విప్పుతుంది, మళ్లీ కడుతుంది. ఇందులో గుంజల్లాంటివి సూక్ష్మనాళికలు, సుమారు 25 నానోమీటర్ల మందం. తాళ్లలాంటివి యాక్టిన్ పోగులు, సుమారు 7 నానోమీటర్లు.

వేరు విడుదల చేసే ఫ్లావనాయిడ్లు అనే రసాయనాలను పసిగట్టిన బ్యాక్టీరియా, నాడ్ ఫాక్టర్ అనే రసాయనంతో బదులు పలుకుతుంది. అది తగిలిన కొన్ని నిమిషాల్లోనే మూలకేశంలోని, అంటే వేరు మీది సన్నని నూగులోని యాక్టిన్ కట్టలు సడలిపోతాయి. నిటారుగా సాగుతున్న కేశం దోటి కొక్కెంలా వంగి బ్యాక్టీరియాను తన మడతలో పట్టుకుంటుంది. అక్కడి నుంచి గోడ లోపలికి ముడుచుకుంటూ ఒక సన్నని సొరంగం సాగుతుంది. కేంద్రకం ముందు నడుస్తుంటే, దానికీ సొరంగం కొసకూ మధ్య సూక్ష్మనాళికలు దట్టంగా పరుచుకుంటాయి. దారి వేసేది మొక్కే, బ్యాక్టీరియా ఆ దారిలో విభజన చెందుతూ నడుస్తుంది.

ఈ మాటకు రుజువు 2009లో లోటస్ జపానికస్ అనే చిన్న మొక్కలో దొరికింది. యాక్టిన్ అల్లికను నడిపే నాప్1, పిర్1 జన్యువులు చెడిన మొక్కల్లో చాలా సొరంగాలు మొదట్లోనే ఆగిపోయాయి. బుడిపెలు మొలిచినా లోపల ఎక్కువగా ఖాళీ.

సొరంగం చివర బ్యాక్టీరియాలు కణంలోకి దిగేటప్పుడు మొక్క పొర ఒకటి వాటిని చుట్టేస్తుంది. నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచే ఘట్టం ఇక్కడిదే. మామూలుగా సూక్ష్మనాళికలు గోడ లోపలివైపు పీపాకు బిగించిన పట్టీల్లా వరసగా ఉండి, గోడలో సెల్యులోజ్ ఏ దిశలో పడాలో నిర్ణయిస్తాయి. అందుకే కణం ఒకే దిశలో సాగుతుంది. బ్యాక్టీరియా చేరిన కణంలో ఈ వరస చెదిరిపోతుంది, కణం అన్ని వైపులా ఉబ్బుతుంది. రిక్తిక కుంచించుకుని చోటు ఇస్తుంది. యాక్టిన్ పోగులు పొరచుట్టిన బ్యాక్టీరియాల చుట్టూ వలలా అల్లుకుంటాయి. అల్ఫాల్ఫా గడ్డికి దగ్గర బంధువైన మెడికాగో ట్రంకాటులా అనే మొక్కలో, ఈ వలను మొలిపించే ఏఆర్‌పీ2/3 అనే ప్రోటీన్ల జట్టు పనిని తగ్గిస్తే లోపలికి వచ్చిన బ్యాక్టీరియా ఎదుగుదల కుంటుపడింది. జంతుకణాల్లో లిస్టీరియా అనే రోగకారక బ్యాక్టీరియా దౌర్జన్యంగా వాడుకునేది కూడా ఈ జట్టునే. ఒకచోట దోపిడీకి పనికొచ్చిన పనిముట్టు ఇక్కడ ఆతిథ్యానికి పనికొస్తోంది.

అనంతపురం ఎర్రనేలల్లో వేసే వేరుశనగ పద్ధతి మాత్రం వేరు. దానికి కొక్కెమూ లేదు, సొరంగమూ లేదు. పిల్లవేరు తల్లివేరును చీల్చుకొచ్చిన సందులోంచి బ్యాక్టీరియా కణాల మధ్యకు, అక్కడి నుంచి కణంలోకి చేరుతుంది. ఆ కణం మళ్లీ మళ్లీ విభజన చెందుతూ తన పిల్లకణాలన్నిటికీ బ్యాక్టీరియాను పంచిపెడుతుంది. విభజనలో క్రోమోజోములను రెండు వైపులకు లాగే కండెను అల్లేవి కూడా సూక్ష్మనాళికలే. ఈసారి కాయలు కోసేటప్పుడు వేళ్లు చూడండి, బుడిపెలు పిల్లవేళ్లు పుట్టిన మూలల్లోనే ఉంటాయి.