చెవి నరం మీది గడ్డ: అపోహలు - వాస్తవాలు

వినికిడి నాడికి జంటగా ఉండి, మనం తూలిపోకుండా చూసే సమతౌల్య నాడి తొడుగులోని ష్వాన్ కణాల నుంచి పుట్టే వెస్టిబ్యులర్ ష్వానోమా అనే గడ్డ మీద నేను ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి మాత్రమే కొత్తగా వచ్చే జబ్బే అయినా, సంక్రాంతికి కోనసీమలోని మా ఊరు వెళ్లినప్పుడల్లా అరుగు మీద కూర్చున్న పెద్దలు దీని గురించి అడుగుతూనే ఉంటారు.

అపోహ: కాలువలో మునిగితే చెవిలో నీరు నిలిచి గడ్డ కడుతుంది; వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే కరుగుతుంది.

వాస్తవం: ఈ గడ్డ సాధారణంగా కర్ణభేరికీ లోపలి చెవికీ కూడా అవతల, మెదడు వైపు వెళ్లే సన్నని ఎముక మార్గంలో ఉంటుంది. నీరు గానీ నూనె గానీ అక్కడికి చేరవు. ష్వాన్ కణం పెరుగుదలను అదుపులో ఉంచే మెర్లిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే ఎన్ఎఫ్2 జన్యువు, 1993లో గుర్తించినది, 22వ క్రోమోజోము మీద ఉంది. సాధారణంగా దాని రెండు ప్రతులూ ఒకే కణంలో చెడిపోవడంతో గడ్డ మొదలవుతుంది. ఎక్కువ మందికి ఇది ఒకవైపే, వంశంతో సంబంధం లేకుండా వస్తుంది. రెండువైపులా వస్తే మాత్రం పుట్టుకతో వచ్చిన లోపాన్ని అనుమానించాలి.

అపోహ: కత్తి పెడితే క్యాన్సరై పాకుతుంది.

వాస్తవం: ఇది క్యాన్సర్ కాదు, వేరే అవయవాలకు పాకదు. అయితే బాగా పెరిగితే మెదడు కాండాన్ని నొక్కుతుంది కనుక కనిపెట్టుకుని ఉండాలి.

అపోహ: గడ్డ చిన్నదైతే వినికిడికి ఢోకా లేదు.

వాస్తవం: చిన్న గడ్డతో చెవి పూర్తిగా పోయినవారూ, పెద్ద గడ్డతో చక్కగా వినేవారూ ఉన్నారు. నరాన్ని నొక్కడం ఒక్కటే కారణమైతే ఇలా జరగదు. గడ్డ స్రవించే పదార్థాలను ఎలుక కాక్లియా (లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే నత్తగుల్ల లాంటి భాగం) ముక్కల మీద వేసి చూసిన బోస్టన్ పరిశోధకులు, ఆ స్రావాలే వినికిడి కణాలను దెబ్బతీయగలవని 2015లో చూపించారు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే విలువైన ఆధారం ఇది, ఎందుకంటే గడ్డను తీయకుండానే వినికిడిని కాపాడే మార్గం వెతకవచ్చన్న ఆశ ఇక్కడే ఉంది.

అపోహ: ప్రయోగశాలలో కణాలు చచ్చిపోతే మందు దొరికినట్టే.

వాస్తవం: శస్త్రచికిత్స గది నుంచి మంచు పెట్టెలో మాకు వచ్చేది ఒక్కోసారి బియ్యపు గింజంత ముక్క. దాన్ని ఎంజైముతో విడదీసి పెంచితే, కొన్ని రోజులకు కణాలు గాలికి ఒకేవైపు ఒరిగిన వరినారులా పొడవుగా కనిపిస్తాయి. ఇంకొన్నాళ్లు గడిస్తే వరిలో ఊద కమ్మినట్టు ఫైబ్రోబ్లాస్టులు అనే సంధాయక కణాలు వాటిని కమ్మేస్తాయి. పైగా అసలు గడ్డలో ఉండే రక్తనాళాలు మా పళ్లేల్లో ఉండవు. ఎన్ఎఫ్2 లోపం ఉన్న 10 మందికి బెవాసిజుమాబ్ అనే మందు ఇచ్చినప్పుడు ఎక్కువ మందిలో గడ్డ తగ్గిందనీ, కొందరికి వినికిడి మెరుగుపడిందనీ 2009లో ప్రచురించారు. ఆ మందు పనిచేసేది ప్రధానంగా రక్తనాళాల మీదే.

అపోహ: సెల్‌ఫోన్ వల్లే వస్తుంది.

వాస్తవం: 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వర్గంలో చేర్చినప్పుడు ఈ గడ్డకు సంబంధించిన పరిమిత ఆధారాలను కూడా పరిగణించింది, కానీ ఫోనే కారణమని రుజువు కాలేదు. ఇందులో ఒక చిక్కుంది: ఒక చెవి మందగించినవారు తెలియకుండానే ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంటారు. కొబ్బరి వ్యాపారం చేసే మా పెదనాన్నగారు ఎప్పుడూ కుడి చెవికే ఫోన్ పెట్టేవారు, మొన్న పండుగకు చూస్తే ఎడమకు మార్చారు. అడిగితే "గులిమి అడ్డుపడిందిలేమ్మా" అన్నారు. గులిమే కావచ్చు. అయినా ఒక్క చెవికే వినికిడి తగ్గినా, హోరు వచ్చినా, మాట వినబడుతూ అర్థం కాకపోయినా ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించాలి, రెండు చెవులకూ తేడా కనిపిస్తే ఎంఆర్ఐ తీయించాలి. ఆయనను కాకినాడ తీసుకెళ్లమని అన్నయ్యకు గట్టిగా చెప్పి వచ్చాను.