ఏ డ్రమ్ములో ఏం పోశారన్నదే అసలు సంగతి: బల్క్ డ్రగ్ వ్యర్థాలపై అపోహలు, వాస్తవాలు

పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ... ఏపీఐ (మందులో పనిచేసే అసలు రసాయనం, అంటే బల్క్ డ్రగ్) యూనిట్ ఎక్కడున్నా బయటికొచ్చే వ్యర్థాలు దాదాపు ఒకటే: మదర్ లిక్కర్లు (మందు స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవం), స్పెంట్ సాల్వెంట్లు (వాడేసిన ద్రావణులు), డిస్టిలేషన్ బాటమ్స్ (మరిగించి తీశాక అడుగున మిగిలేది), స్పెంట్ కార్బన్ (మలినాలు పీల్చిన బొగ్గుపొడి), ఎంఈఈ ఉప్పు (వ్యర్థ జలాన్ని ఆవిరి చేసే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపొరేటర్ నుంచి వచ్చేది), ఖాళీ డ్రమ్ములు. వాటి గురించి షాప్‌ఫ్లోర్‌లో తరచూ వినిపించే మాటలు కొన్ని, వాటి అసలు లెక్క ఇదీ.

అపోహ: సాల్వెంట్లన్నీ ఒకే ట్యాంకులోకి పంపినా ఫర్వాలేదు, డిస్టిలేషన్‌లో ఎలాగూ విడిపోతాయి.

విడిపోవు. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర, టోలీన్ 110.6 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇంత తేడా ఉంది కదా అనుకుంటాం. కానీ రెండూ కలిస్తే అజియోట్రోప్ (విడిపోకుండా కలిసే మరిగే మిశ్రమం) కడతాయి, 64 డిగ్రీలకు కాస్త లోపే జంటగా పైకొచ్చేస్తాయి. కాలమ్ ఎంత పొడవున్నా ఇంతే. ముందు నీళ్లు పోసి కలియబెట్టి, మిథనాల్‌ను నీళ్లలోకి లాగి, పైన తేలిన టోలీన్ పొరను వేరుచేయాలి. కింది పొరను డిస్టిల్ చేస్తే మిథనాల్ వస్తుంది, ఎందుకంటే అది నీళ్లతో అజియోట్రోప్ కట్టదు. ఐపీఏకి (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఆ సుఖం కూడా లేదు. 80 డిగ్రీల దగ్గర బరువులో దాదాపు 12 శాతం నీళ్లను వెంటబెట్టుకునే వస్తుంది. ఆ నీళ్లు తీయాలంటే నీళ్లను పీల్చే మాలిక్యులర్ సీవో, పొర గుండా నీళ్లను ఆవిరిగా లాగే పర్వాపొరేషనో కావాలి.

టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) అనే సాల్వెంట్ విషయంలో పొరపాటు ఖరీదు డబ్బుతో పోదు. కొత్త డ్రమ్ములో పెరాక్సైడ్లు పుట్టకుండా బీహెచ్‌టీ అనే స్టెబిలైజర్ కలిపి ఉంటుంది, మామూలుగా 250 పీపీఎం. దాని మరుగు స్థానం 265 డిగ్రీలు కాబట్టి డిస్టిల్ చేస్తే అది అడుగునే ఉండిపోతుంది, పైన పట్టిన టీహెచ్‌ఎఫ్‌కు రక్షణ పోతుంది. పట్టిన వెంటనే బీహెచ్‌టీ మళ్లీ కలపాలి. డిస్టిలేషన్‌కు రియాక్టర్‌లో పోసేముందు పెరాక్సైడ్ స్ట్రిప్‌తో పరీక్ష తప్పదు. రియాక్టర్‌ను ఎప్పుడూ అడుగంటా ఇగరనివ్వకూడదు. పదో వంతు ఉండగానే ఆపేయాలి. మిగిలిన దాంట్లో పెరాక్సైడ్ చిక్కబడితే పేలుతుంది.

అపోహ: రికవరీ సాల్వెంట్ (వాడినదాన్ని శుద్ధిచేసి తిరిగి తీసింది) మందుల తయారీకి పనికిరాదు.

ఐసీహెచ్ క్యూ7 (ఏపీఐ తయారీకి అంతర్జాతీయ నాణ్యతా మార్గదర్శకం) ఒప్పుకుంటుంది, స్పెసిఫికేషన్‌కు సరిపోవాలంతే. ఏ స్టేజ్‌లో వచ్చింది ఆ స్టేజ్‌కే తిరిగి వాడటం మేలు. డీఎంఎఫ్‌తో (డైమిథైల్‌ఫార్మమైడ్) మాత్రం జాగ్రత్త. వాతావరణ పీడనం దగ్గర 153 డిగ్రీలకు మరిగిస్తే కొంత విరిగి డైమిథైల్‌ఎమీన్ పుడుతుంది, అందుకే వాక్యూమ్‌లో తీయాలి. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో బయటపడ్డ, క్యాన్సర్ కలిగించగల మలినం ఎన్‌డీఎంఏకి మూలం డీఎంఎఫ్ నుంచి వచ్చిన ఈ ఎమీనూ, తయారీలో మిగిలిన అజైడ్ రసాయనాన్ని చంపడానికి వేసిన సోడియం నైట్రైటూ కలవడమే. ఆ తర్వాత నియంత్రణ సంస్థలు రికవరీ సాల్వెంట్ల చరిత్ర కూడా అడగడం మొదలుపెట్టాయి.

అపోహ: సిమెంట్ కిల్న్‌లో (బట్టీలో) వేస్తే ఏదైనా కాలిపోతుంది.

ఆర్గానిక్స్ (కార్బన్ రసాయనాలు) వరకు నిజమే. మంట దాదాపు 2,000 డిగ్రీలు, లోపల మెటీరియల్ 1,450 డిగ్రీలు, బూడిద క్లింకర్‌లోనే (పొడిచేస్తే సిమెంట్ అయ్యే గడ్డలు) కలిసిపోతుంది. చిక్కంతా క్లోరిన్‌తో. వేడి చోట ఆవిరై, ప్రీహీటర్ సైక్లోన్లలో చల్లబడి, ఆల్కలీ ఉప్పుగా గోడలకు పట్టి దారి మూసేస్తుంది. అందుకే చాలా సిమెంట్ ప్లాంట్లు క్లోరిన్ ఒకటి, ఒకటిన్నర శాతం దాటిన లోడును తిప్పి పంపుతాయి.

లెక్క చూడండి. డీసీఎం (డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్) బరువులో 83.5 శాతం క్లోరినే. క్లోరిన్ లేని టన్ను టోలీన్ బాటమ్స్‌లో ఎవరో 15 లీటర్ల డీసీఎం, అంటే 20 కిలోలు, పారబోస్తే చాలు, క్లోరిన్ 1.6 శాతానికి చేరుతుంది. మంచి ఇంధనంగా పోవలసిన టన్ను సరుకు కాస్తా ఇన్సినరేటర్ బిల్లు అవుతుంది. అందుకే హాలోజన్ (క్లోరిన్ లాంటివి ఉన్న సాల్వెంట్ల) డ్రమ్ములకు వేరే రంగు, వేరే ఫన్నెల్ పెట్టాలి. ఇక పాదరసమున్న వ్యర్థాన్ని కిల్న్‌కు పంపకూడదు, అది క్లింకర్‌లో నిలవదు, చిమ్నీ బాట పడుతుంది.

అపోహ: జెడ్‌ఎల్‌డీ (జీరో లిక్విడ్ డిశ్చార్జ్) పెట్టాక వ్యర్థమే లేదు.

పేరులోనే ఉంది, లేనిది ద్రవం మాత్రమే. టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) లీటరుకు లక్ష మిల్లీగ్రాములుండే నీళ్లు రోజుకు 50 కిలోలీటర్లు వస్తే ఎండు ఉప్పే 5 టన్నులు. ఏటీఎఫ్‌డీ (చిక్కటి ఉప్పునీళ్లను పొడిగా ఎండబెట్టే డ్రయ్యర్) నుంచి దిగేటప్పుడు తేమతో ఇంకా ఎక్కువ తూగుతుంది.

స్టీమ్ ఆదా అని, నీళ్లలోంచి సాల్వెంట్‌ను లాగే స్ట్రిప్పర్‌ను తగ్గించి నడిపితే సాల్వెంట్ ఎంఈఈ కండెన్సేట్‌లోకి (ఆవిరి చల్లబడి వచ్చే నీళ్లు) చేరి సీఓడీ (నీటి కాలుష్యపు కొలత) పెరుగుతుంది, వెనకున్న, బ్యాక్టీరియాతో శుద్ధిచేసే బయో ట్యాంకు దెబ్బతింటుంది. కాల్షియం క్లోరైడ్ ఎక్కువుంటే ఏటీఎఫ్‌డీలో పొడి రాలదు, బ్లేడ్లకు బంకలా పడుతుంది. సంచిలోకెక్కాక గాలిలో తేమ పీల్చి కారుతుంది. సోడియం సల్ఫేటో, అమ్మోనియం క్లోరైడో ఒక్కటే వచ్చే స్ట్రీమ్‌ను మొదటినుంచీ విడిగా ఆవిరి చేస్తే అమ్ముకునే సరుకు కాగలదు. ప్రమాదకర వ్యర్థంగా ఉన్నంతవరకు, 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లోని 9వ రూల్ కింద అనుమతి ఉన్నవారికే అమ్మాలి. నాలుగు ఉప్పులు కలిశాక దానికి దారి టీఎస్‌డీఎఫ్ (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి పూడ్చే కేంద్రం) ఒక్కటే.

అపోహ: టీఎస్‌డీఎఫ్ ఏదైనా తీసుకుంటుంది.

ద్రవం కారేది ల్యాండ్‌ఫిల్‌లోకి పోదు. పెయింట్ ఫిల్టర్ పరీక్ష ఇక్కడే చేసుకోవచ్చు: 100 గ్రాముల శాంపిల్‌ను 60 మెష్ ఫిల్టర్‌లో వేసి 5 నిమిషాలు చూడాలి. ఒక్క బొట్టు కిందికి దిగినా ఫెయిలే.

అపోహ: మూడుసార్లు కడిగిన నీలం డ్రమ్ము నీళ్లకు వాడుకోవచ్చు.

ఆ డ్రమ్ము ప్లాస్టిక్, హెచ్‌డీపీఈ, సాల్వెంట్లను లోపలికి పీల్చుకుంటుంది. కడిగితే పోయేది పైపైన ఉన్నదే, గోడలోకి ఇంకింది తర్వాత నిదానంగా నీళ్లలోకి దిగుతుంది. ఖాళీ డ్రమ్ములు కూడా ఆ 2016 నిబంధనల షెడ్యూల్ 1లో 33.1 కింద ప్రమాదకర వ్యర్థమే. అనుమతి ఉన్న స్క్రాప్ వాళ్లకు పంపేటప్పుడు అడుగున కన్నం కొట్టి పంపండి, ఊళ్లో నీళ్ల తొట్టిగా మారదు.

అపోహ: లారీ గేటు దాటితే మన పని అయిపోయినట్టే.

సరుకు యార్డులో 90 రోజులకు మించి ఉండకూడదు. ఫారం 10 మానిఫెస్ట్ (సరుకు వెంట వెళ్లే పత్రం) ఏడు కాపీలు. తెల్లది కాలుష్య నియంత్రణ బోర్డుకు పంపాలి, లారీ డ్రైవర్ సంతకంతో పసుపుది మన దగ్గర ఉంచుకోవాలి. అందరూ మరిచిపోయేది నీలం కాపీ. సరుకు అందుకున్నవారు సంతకం పెట్టి మనకు తిరిగి పంపాల్సింది అదే. పసుపు కాపీలు, నీలం కాపీలు పక్కపక్కన ఫైల్ చేసి నెలకోసారి జత కలపండి. జత దొరకని ప్రతి పసుపు కాపీకి ఆ వారమే రాతపూర్వకంగా అడగాలి. జూన్ 30లోగా ఫారం 4 (వార్షిక నివేదిక) నింపేటప్పుడు ఆ అంకెలే కావాలి.