మందుల చీటీ ఎక్కడ నేరమవుతుంది? ముడి పడింది 1975లో

నల్లమందు జాతికి చెందిన, అలవాటు పడే ఓపియాయిడ్ నొప్పి మాత్రలు రాసిన డాక్టర్లను జైలుకు పంపడంపై అమెరికాలో వాదన మళ్లీ రాజుకుంది. మత్తుమందులను అదుపు చేసిన 1914 నాటి హారిసన్ చట్టం, మందుల కంపెనీలు కట్టిన పరిహారాలు చాలామందికి తెలిసిన కథే. ఇప్పటి పేచీ మూలం మాత్రం వాషింగ్టన్‌లో ఒక డాక్టరు రాసిన చీటీల్లో ఉంది.

హెరాయిన్‌కు బానిసలైనవాళ్లకు ఆ డాక్టరు, మూర్, మెథడోన్ (హెరాయిన్ మానిపించడానికి వాడే ఓపియాయిడ్ మందు) రాసేవారు. సుమారు అయిదున్నర నెలల్లో 11,169 చీటీలు, దాదాపు 8 లక్షల మాత్రలు. పరీక్ష నామమాత్రం. ఫీజు మాత్రల లెక్కన: 50 మాత్రలకు 15 డాలర్లు, 150కి 50 డాలర్లు. మత్తుమందులు రాసేందుకు ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన డాక్టరుని గనక మత్తుమందులు అమ్మేవాళ్లకు పెట్టే సెక్షన్ తనకు వర్తించదని వాదించారు. వృత్తి పరిధి దాటితే డాక్టరైనా ఆ సెక్షన్ కిందికే వస్తాడని 1975లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

ఇంత బాహాటంగా మాత్రలమ్మినాయనకు శిక్ష పడితే తప్పుపట్టేదెవరు? చిక్కల్లా, ఆయన్ని చూసి గీసిన గీతతోనే తర్వాతివాళ్లనూ కొలవడం. ఏళ్ల తరబడి నడుంనొప్పితో కుంగిపోయిన రోగికి డోసు పెంచిన డాక్టరుకూ అదే కొలత. చికిత్స అనుకునే రాశానన్న మాటను కొన్ని అప్పీలు కోర్టులు లెక్కలోకే తీసుకోలేదు. ఒక్కో అభియోగానికి 20 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు మరి. భయపడి కొందరు డాక్టర్లు మందు ఉన్నపళంగా ఆపేయడంతో, అలా ఆపితే రోగికే ప్రమాదమని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది.

నమ్మి రాశానంటే వదిలేస్తే మాత్రల దుకాణాలు నడిపేవాళ్లందరూ అదే పాట పాడతారన్నది ప్రభుత్వ వాదన.

2022 జూన్‌లో రువాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ కొలత మార్చింది. చట్టం తనకిచ్చిన అనుమతి దాటుతున్నానని తెలిసే రాశాడని ప్రాసిక్యూషన్ నిరూపించాలంది. ఆ తీర్పుతో కింది కోర్టులకు వెనక్కి వెళ్లిన ఇద్దరు డాక్టర్ల కేసుల్లో వయోమింగ్ కేసు డాక్టరుకు శిక్షలన్నీ రద్దయి మళ్లీ విచారణకు ఆదేశం వచ్చింది. అలబామా డాక్టరు రువాన్‌కు మందుల పంపిణీ అభియోగాలపై పడిన శిక్షలే రద్దయ్యాయి. కుట్ర అభియోగం నిలిచింది, దానికి 'తెలిసే చేశాడు' అన్న షరతు జ్యూరీకి ముందే చెప్పారు కాబట్టి.

డాక్టరు మనసులో ఏముందో తేల్చేదెలా అన్నదే ఇప్పటి తగువు. నమ్మకం ఎంత అసమంజసంగా ఉంటే, తెలిసే చేశాడనడానికి అంత ఆస్కారమని సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ బ్రేయర్ ఆ తీర్పులోనే రాశారు. ప్రాసిక్యూటర్లు పట్టుకున్నది ఆ వాక్యాన్నే. పాత కొలత సాక్ష్యం పేరుతో దొడ్డిదారిన తిరిగొస్తోందని డిఫెన్స్ లాయర్లు అంటున్నది అందుకే.