పద్దెనిమిది దాటితే స్పీచ్ థెరపీ ఎందుకు ఆగిపోతోంది?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇప్పుడు పాతిక, ముప్పై ఏళ్ల వయసున్న ఆటిస్టిక్ మనుషుల్లో చాలామందికి చిన్నప్పుడు ఆటిజం అన్న పేరు ఎవరూ చెప్పలేదు. మాట, నలుగురితో మెలిగే తీరు పుట్టుకతోనే వేరుగా ఉండే స్థితి అది. "మేనమామకు గూడ మాటలు లేటుగనే వచ్చినయి, వాడే మాట్లాడుతడు" అని ఇంట్లోవాళ్లు ఎదురుచూశారు. బడిలో మూగోడన్నారు, ఊళ్లో మెంటలోడన్నారు. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. అప్పట్లో చట్టంలోనే ఆ పేరు లేదు.

1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. ఆటిజం వాటిలో లేదు. సర్టిఫికెట్ కావాలంటే బుద్ధిమాంద్యం కింద రాయించుకోవాల్సి వచ్చేది. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి చేర్చింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి ఆటిజానికీ, మాట, భాషలకు సంబంధించిన వైకల్యానికీ వేర్వేరుగా చోటిచ్చింది. 1995లో పుట్టిన పిల్లవాడికి అప్పటికే ఇరవై ఒక్కేళ్లు.

మన జిల్లాల్లో ఆటిజాన్ని గుర్తించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు వైపు వైకల్యం అంటే తరతరాలుగా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్సే. వంగిన ఎముకలు కంటికి కనిపిస్తాయి. వాటి మీద ఉద్యమాలు జరిగాయి, 2015లో చౌటుప్పల్‌లో మంచినీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌కు పునాది పడింది. ఆ పోరాటం న్యాయమైనదే. కానీ కంటికి కనిపించని వైకల్యం గురించి అడిగేవాళ్లు లేకపోయారు. పాలమూరులో వలస. తల్లీతండ్రీ ముంబై, పుణె పనులకు పోతే పిల్లవాడు నాయనమ్మ దగ్గర పెరిగాడు. మాట రాలేదని గమనించినా ఆమె ఎక్కడికి తీసుకుపోవాలి? అప్పట్లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అనే, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అనే సంస్థ 1984 నుంచే సికింద్రాబాద్‌లో ఉంది. అచ్చంపేట నుంచో మక్తల్ నుంచో వారం వారం అంత దూరం పోవడం కూలి చేసుకునే ఇంటికి అయ్యే పని కాదు.

2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టి, ఆ బృందంలో స్పీచ్ థెరపిస్ట్ కూడా ఉండాలని మార్గదర్శకాల్లో రాసింది. మంచి పథకం. కానీ అది పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకానే.

ఈ వయసు గీత వెనుక ఒక పాత నమ్మకం ఉంది: మాట చిన్నప్పుడు రావాలి, రాకపోతే ఇక రాదు అని. 1943లో అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న పదకొండు మంది పిల్లల గురించి రాశాడు. ఎనిమిది మందికి మాట ఉంది, కానీ విన్నది విన్నట్టే తిరిగి అనేవారు, "నేను" అనాల్సిన చోట "నువ్వు" అనేవారు. మన ఇళ్లలోనూ ఇది చూస్తాం. ఆకలైన పిల్లవాడు "అన్నం తింటవా?" అని అమ్మ మాటనే అమ్మకు అప్పజెప్పుతాడు. చాలాకాలం దీన్ని అర్థంలేని మాటగా చూశారు, మాన్పించడమే చికిత్స అనుకున్నారు. 1981లో పరిశోధకులు బారీ ప్రిజాంట్, జుడిత్ డుచాన్ ఆ ప్రతిధ్వనులను జాగ్రత్తగా విని, వాటికి ఏడు రకాల పనులున్నాయని చూపించారు. అవుననడానికి, అడగడానికి, సంభాషణలో తమ వంతు అందుకోవడానికి, చేసే పనిలో తమను తాము నడిపించుకోవడానికి కూడా పిల్లలు ఆ మాటలే వాడుతున్నారు. ఆ పిల్లవాడు మాట్లాడుతూనే ఉన్నాడు, వినడం మనకు రాలేదు. ముప్పై ఏళ్ల మనిషి ఇవాళ సీరియల్ డైలాగుతో జవాబిచ్చినా విషయం ఇదే.

2012లో బ్రిటన్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ ఇంకో అడుగు వేశాడు. ఆయన కూడా ఆటిస్టిక్ మనిషే. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని, లోపాన్ని ఒకరి మీదే వేయలేమని వాదించాడు.

అందుకే పెద్దవాళ్ల స్పీచ్ థెరపీ అంటే అక్షరాలు పలికించడం కాదు. ఆసుపత్రిలో నొప్పి ఎక్కడో చెప్పడం, బ్యాంకులో అడగడం, ముట్టుకోవద్దని అనడం, టెన్షన్ పెరిగినప్పుడు బయటికి పోతానని తెలపడం. నోటితో కాకపోతే ఫోన్‌లో టైప్ చేసి, బొమ్మల బోర్డు చూపించి చెప్పొచ్చు. బొమ్మ నొక్కితే మాట పలికే, చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. యజమానికీ, అన్నదమ్ములకూ కొంచెం ఆగి వినడం నేర్పడం కూడా ఈ థెరపీలో భాగమే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ, పద్దెనిమిది నిండినవారికి సంరక్షకుణ్ణి నియమించగలదు. అంటే తన బదులు సంతకం పెట్టే మనిషి కోసం ఏర్పాటు ఉంది. తన మాట తానే చెప్పుకునేందుకు జిల్లాలో ఏర్పాటు ఏదని అడిగితే జవాబు రాదు. 2016 చట్టం గ్రామాల్లో దగ్గరలోనే ఉచిత వైద్యం అందాలంటుంది, పునరావాసం వికలాంగులందరికీ అంటుంది, వయసు గీత గీయలేదు. అదే ట్రస్ట్ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చుకూ వర్తిస్తుంది, దానికీ వయసు అడ్డు లేదు. మరి బిల్లు ఇవ్వడానికి థెరపిస్ట్ దగ్గరలో ఉండాలి కదా. సత్వర చికిత్సా కేంద్రంలోని స్పీచ్ థెరపిస్ట్‌ను వారానికి రెండు మధ్యాహ్నాలు పెద్దవాళ్ల కోసం కూర్చోబెట్టమని నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లను అడగాలి. ఖాళీగా ఉన్న చోట ఆ పోస్టు ముందు నింపమని అడగాలి.