నీడలో విరిసిన ముగ్గు

మైలాపూర్, చెన్నై

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న రైలెక్కే ముందు మీరు రెండు మాటలన్నారు: మంచి కెమెరా లేకుండా మంచి ఫొటోలు రావనీ, ఎడిటింగ్ అంటే మోసమనీ. స్టేషన్లో జవాబు చెప్పే తీరిక లేకపోయింది.

నా మొదటి కెమెరా ఆగ్‌ఫా క్లిక్ త్రీ. రీలుకి 12 ఫొటోలు. ఫోకస్ మార్చే వీలు లేదు. ఒక్కో ఫొటో తీశాక రీలు మనమే తిప్పాలి. 1974లో ఒకసారి తిప్పడం మరిచిపోయాను. వీధి గుమ్మంలో వెలుగుకు అడ్డంగా నిలబడ్డ మా అమ్మను తీశాను. మర్నాడు మెరీనాలో అలలు తీశాను. కడిగిస్తే రెండూ ఒకే ఫొటోలో పడ్డాయి. నల్లటి నీడలా ఉన్న అమ్మ ఒంటినిండా అలలు! గుమ్మం బయటి తెల్లటి వెలుగులో మాత్రం ఒక్క అల కూడా లేదు. ఆ ఫొటో ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఎందుకలా జరిగిందంటే, బాగా వెలుగు తగిలిన చోట ఫిల్మ్ నిండిపోతుంది. చీకటి పడిన చోటు ఖాళీగా మిగులుతుంది. రెండో బొమ్మ ఆ ఖాళీలోకే వస్తుంది.

ఇది మీ ఫోన్లోనూ చేయొచ్చు. ఈసారి చెన్నై వచ్చినప్పుడు పొద్దున్నే మెరీనాకి వెళ్ళండి, అక్కడ సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. ఒకరు సూర్యుడికి అడ్డంగా పక్కకి తిరిగి నిలబడండి. తెర మీద ఆకాశం ఉన్న చోట వేలితో తాకితే మనిషి నల్లగా అయిపోతాడు. జుట్టు అంచు, ముక్కు గీత స్పష్టంగా ఉండాలి, అదే ప్రాణం.

రెండో ఫొటోకి మా వీధిలో ముగ్గు తీయండి. నీళ్ళు చల్లిన నేల తడికి నల్లబడి ఉంటుంది. దాని మీద తెల్లటి పిండి గీత, మెలిక తిరిగే చోట కాస్త లావుగా, వేళ్ళు ఎత్తిన చోట సన్నగా. ఇంటివాళ్ళని అడిగి తీయండి, ముగ్గు తొక్కకండి.

స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో మొదటి ఫొటో తెరిచి, రెండు ఫొటోల్ని కలిపే డబుల్ ఎక్స్‌పోజర్‌లో ముగ్గు ఫొటో చేర్చి, లైటెన్ అనే పద్ధతి ఎంచుకోండి. తెర మీది ఒక్కో చుక్క (పిక్సెల్) దగ్గర రెండు ఫొటోల్లో ఏది వెలుగుగా ఉంటే అదే మిగులుతుంది. అందుకే ఆకాశం అలాగే ఉండి, మనిషి నీడలో ముగ్గు విచ్చుకుంటుంది.

ఇక మోసం మాట. 1858 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ తంజావూరు, మధురై గుళ్ళను తీశాడు. అప్పటి నెగటివ్ నీలం వెలుగుకి ఎక్కువగా స్పందించేది, ఆకాశం ఉత్త తెల్ల కాగితంలా వచ్చేది. ఆయన నెగటివ్ మీద రంగు పూసి మేఘాలు దిద్దాడు. వార్త కోసం తీసిన ఫొటోలో అలా చేస్తే నేను ఒప్పుకోను, చూసేవాళ్ళు దాన్ని నిజమని నమ్ముతారు. మీరు చేసేది బొమ్మ, అందులో మీ చెయ్యి పడాల్సిందే.

నీడ ఫొటో, ముగ్గు ఫొటో, కలిపింది, మూడూ పంపండి. ముగ్గులో ఏ మెలిక ఎవరి చెంప మీద పడిందో నాకు చూడాలనుంది.

మీ
తాతయ్య