అపోహలు - వాస్తవాలు: గొంతు లేట్‌గా వినిపిస్తే తప్పంతా బఫర్‌దేనా?

రికార్డింగ్‌లో సింగర్ "నా గొంతు నాకే లేట్‌గా వినిపిస్తోంది" అనగానే ఎవరి చెయ్యైనా ముందు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే సౌండ్ ముక్క, శాంపిల్స్‌లో లెక్క) మీదకే పోతుంది. నాదీ అంతే. ఒకసారి 256 నుంచి 128, అక్కణ్ణుంచి 64, ఆఖరికి 32 దాకా దించేశా, సౌండ్ చిటపటలాడ్డం మొదలైంది గానీ లేట్ అలాగే ఉంది, గంట పోయాక చూస్తే ముందురోజు మిక్స్ చేస్తూ మాస్టర్ మీద (ట్రాకులన్నీ కలిసే చోట) పెట్టి మర్చిపోయిన లీనియర్ ఫేజ్ ఈక్యూ ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో తగిలించే ఎఫెక్ట్) అక్కడే కూర్చునుంది.

అపోహ: బఫర్ తగ్గిస్తే లేటెన్సీ (ఆలస్యం) పోతుంది

కొంతే పోతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు. లోపలికొచ్చేటప్పుడు ఒకసారి, బయటికెళ్లేటప్పుడు ఒకసారి, పైన కన్వర్టర్లు, డ్రైవర్ తినేది ఇంకాస్త. డ్రైవర్ మంచిదైతే అంతా కలిపినా పది లోపే ఉంటుంది, చాలామంది ఇబ్బంది లేకుండా పాడేస్తారు. ప్లగిన్ తినే టైమ్ మాత్రం వేరే ఖాతా. లీనియర్ ఫేజ్ ఈక్యూకి, లుక్అహెడ్ ఉన్న లిమిటర్‌కి (సౌండ్ హద్దు దాటకుండా ఆపేది) రాబోయే శాంపిల్స్ కూడా ముందే కావాలి, అవి వచ్చేదాకా ఆగాల్సిందే. 4096 శాంపిల్స్ అడిగిందంటే 85 మిల్లీసెకన్లు, మీరు బఫర్ ఎంత దించినా ఆ 85 కదలదు. అది మాస్టర్ మీద ఉంటే సాఫ్ట్‌వేర్ ద్వారా విని పాడే ప్రతి ట్రాకూ దాని గుండా పోవాల్సిందే.

అపోహ: సాఫ్ట్‌వేరే సర్దేస్తుందిగా, డిలే కాంపెన్సేషన్ ఉందిగా

ఉంది, ప్లేబ్యాక్‌కి. ఒక ట్రాక్ వెనకబడితే మిగతావాటిని కూడా అంతే ఆపి అన్నీ కలిపి వదులుతుంది. ఇప్పుడు పాడుతున్న గొంతుని మాత్రం ఏం చేస్తుంది, ఇంకా పాడని స్వరాన్ని ముందే వినిపించడం ఎవరి వల్లా కాదు కదా. రికార్డయిన క్లిప్‌ని సరైన చోట పెట్టగలదు గానీ లేట్‌గా వింటూ తడబడి పాడిన తాళాన్ని బాగుచెయ్యలేదు.

అపోహ: సీపీయూ ఎక్కువ తినే ప్లగినే లేట్ చేస్తుంది

రెండూ వేరు. కంప్యూటర్‌ని ఉక్కిరిబిక్కిరి చేసే సింథ్‌కి లేటెన్సీ సున్నా ఉండొచ్చు, ఈకలా తేలికైన లిమిటర్ వందల శాంపిల్స్ పట్టుకోవచ్చు. మామూలు ఈక్యూ, మామూలు కంప్రెసర్ చాలావరకు సున్నాయే, వాటికి భయపడక్కర్లేదు. ఊహించడం ఎందుకు, నంబర్ చూస్కోండి: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఎఫెక్ట్స్ విండో కింద శాంపిల్స్‌లో ఉంటుంది, ఏబుల్టన్‌లో డివైస్ పేరు మీద మౌస్ పెడితే కింద చూపిస్తుంది.

ఇంకోటి, బైపాస్ నొక్కి ఊరుకోకండి. ఆన్ ఆఫ్ చేసినప్పుడు టైమింగ్ ఎగరకూడదని బైపాస్‌లో కూడా అదే లేటెన్సీ ఉంచేసే ప్లగిన్లు బోలెడు. పూర్తిగా ఆపండి, లేదా తీసెయ్యండి. లాజిక్‌లో అయితే లో లేటెన్సీ మోడ్, క్యూబేస్‌లో కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ ఆన్ చేస్తే లేట్ చేసేవాటిని అవే పక్కన పెడతాయి, టేక్ అయ్యాక మళ్లీ ఆఫ్ చేసుకోవడం మర్చిపోకండి.

అపోహ: 96 కిలోహెర్ట్జ్‌కి వెళ్తే సమస్యే ఉండదు

అదే 128 బఫర్ 1.3 మిల్లీసెకన్లవుతుంది, నిజమే. సీపీయూ పని కూడా దాదాపు రెట్టింపవుతుంది, చిటపటలు తట్టుకోలేక మీరే 256కి పెంచుతారు, బయల్దేరిన చోటికే వస్తారు.

అపోహ: డైరెక్ట్ మానిటరింగ్ ఆన్ చేస్తే ఇక చాలు

డైరెక్ట్ మానిటరింగ్ అంటే గొంతు కంప్యూటర్ చుట్టూ తిరక్కుండా ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా హెడ్‌ఫోన్స్‌కి రావడం. సాఫ్ట్‌వేర్‌లో మానిటర్ బటన్ ఆపితేనే చాలు. రెండూ ఆన్‌లో ఉంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది, మధ్యలో 5 మిల్లీసెకన్ల తేడా ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి పైకి వరసగా కొన్ని ఫ్రీక్వెన్సీలు తగ్గిపోయి గుంటలు పడి గొంతు డొల్లగా మోగుతుంది, ఈలోపు మనం మైక్ మార్చాలేమో అని మైక్‌ని అనుమానిస్తూ కూర్చుంటాం. సింగర్‌కి పొడిగా ఉందనిపిస్తే సాఫ్ట్‌వేర్ నుంచి రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) తడి మాత్రమే పంపండి, అసలు గొంతు కలపకుండా. రివర్బ్ పది మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తెలీదు, ఎలాగూ మనమే దానికి ప్రీ డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు చిన్న ఆలస్యం) పెడుతుంటాం.